ఒక్క తాళంచెవితో వచ్చిన సెకండ్ హ్యాండ్ కారు: రెండో చిప్ కీ చేయించుకున్న నా అనుభవం

మా నల్గొండ వైపు సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అందరూ ఇంజన్ సౌండ్ వింటారు, టైర్లు చూస్తారు, కింద వంగి తుప్పు పట్టిందేమో చూస్తారు, ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉందా అని అడుగుతారు. తాళంచెవులు ఎన్ని ఇస్తున్నారని అడిగేవాళ్లు తక్కువ. నేను అడిగాను. ఒక్కటే ఉంది అన్నారు. ఆ రెండోది చేయించుకునే పనిలో పడ్డాక కారు తాళం గురించి, అలారం గురించి, ఇన్సూరెన్స్ వాళ్లు ఏం అడుగుతారన్న దాని గురించి నాకు చాలా విషయాలు తెలిశాయి. ఇవి ఒక్కచోట, మన భాషలో ఉంటే ఎవరికైనా పనికొస్తాయని కాస్త వివరంగా రాస్తున్నాను.

కారు మిర్యాలగూడలో ఒక రిటైర్డ్ టీచర్ గారిది. డీజిల్ బండి, టీఎస్ 05 రిజిస్ట్రేషన్, బాగా చూసుకున్నారు. రెండో కీ దేవరకొండలో ఏదో పెళ్లిలో పోయిందని, ఇంట్లో అంతా వెతికినా దొరకలేదని ఆయనే ముందు చెప్పారు. "సార్, మరి దానికి కొంత తగ్గించుకోండి, నేను చేయించుకుంటా" అంటే ఒప్పుకున్నారు. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేటప్పుడే ఒక తెల్లకాగితం మీద "వాహనంతో పాటు ఒక్క తాళంచెవి మాత్రమే ఇచ్చాను, రెండోది పోయింది" అని రాయించి సంతకం తీసుకున్నాను. ఈ సలహా నాతో చదువుకున్న ఇన్సూరెన్స్ ఏజెంట్‌ది. వాడు చెప్పింది సూటిగా ఉంది: "అరే, రేపు బండి దొంగతనం అయ్యిందనుకో, కంపెనీ వాళ్లు మొదట అడిగేది ఎఫ్‌ఐఆర్, రెండోది ఆర్‌సీ, మూడోది రెండు తాళాలు. ఒక్కటే ఇస్తే రెండోది ఏమైందని అడుగుతరు, కారులోనే వదిలేసినవా అని అనుమానపడతరు, క్లెయిమ్ అక్కడనే ఆగిపోతది." ఇంకో మాట కూడా చెప్పాడు, ఇది చాలామందికి తెలియదు. కారు చేతులు మారిన 14 రోజుల్లోపు పాలసీని కూడా మన పేరు మీదికి మార్చమని కంపెనీకి రాసివ్వాలి, మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. ఆర్‌సీ మారింది కదా అని ఊరుకుంటే మన కారుకు నష్టం జరిగినప్పుడు ఇబ్బంది పడతాం.

ఇక కీ సంగతి. క్లాక్ టవర్ దగ్గర తాళాలు చేసే చాచా ఉంటారు, మా ఇంటి బీరువా తాళం నుంచి బైకు తాళం వరకు అన్నీ ఆయన దగ్గరే. ముందు ఆయనకు చూపించాను. కీని చేతిలో అటూ ఇటూ తిప్పి, తల భాగం గోటితో కొట్టి చూసి, "ఇది చిప్ ఉన్నది బేటా. నేను చేసిచ్చేది తలుపు తెరుస్తది, బండి మాత్రం స్టార్ట్ కాదు" అన్నారు. నాకు ఆ మనిషి మీద గౌరవం ఇంకా పెరిగింది, ఎందుకంటే రెండు వందలు తీసుకుని ఏమీ చెప్పకుండా చేసి ఇచ్చేయొచ్చు. అయినా సరే చేయమన్నాను. తలుపు తెరిచే తాళం ఒకటి ఇంట్లో ఉంటే మంచిదే కదా, పైగా చాచా చెప్పింది నా కళ్లతో చూడాలనిపించింది.

ఇంటికొచ్చి రిమోట్‌తో కారు లాక్ చేసి, కాసేపాగి ఆ కొత్త తాళంతో డ్రైవర్ వైపు తలుపు తీశాను. తలుపు తెరుచుకుంది, ఆ వెంటనే హారన్ మొదలైంది, నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటున్నాయి. కారు లెక్క ప్రకారం అది న్యాయమే. రిమోట్‌తో లాక్ చేసినప్పుడు అలారం కాపలాకు కూర్చుంటుంది, రిమోట్‌తో అన్‌లాక్ చేస్తేనో, అసలు కీతో ఇగ్నిషన్ ఆన్ చేస్తేనో లేస్తుంది. మధ్యలో తలుపు ఎలా తెరిచినా, అసలు తాళంతో తెరిచినా సరే, అది అరుస్తుంది. రిమోట్ నొక్కి ఆపేశాక లోపల కూర్చుని తాళం తిప్పాను. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. మీటర్ బోర్డు మీద కారు బొమ్మ, దాని మీద తాళం గుర్తు ఉన్న ఎర్ర లైటు గబగబా వెలిగి ఆరుతోంది. కొన్ని కార్లలో ఇంజన్ ఒక క్షణం స్టార్ట్ అయి ఆగిపోతుంది, కొన్నింట్లో సెల్ఫ్ కూడా తిరగదు, కంపెనీని బట్టి ఉంటుంది.

అప్పుడు మా ఎలక్ట్రీషియన్ మామను పిలిచాను. హైదరాబాద్ రోడ్డులో ఆటో ఎలక్ట్రికల్ షాపు ఆయనది, చిన్నప్పటి నుంచి డైనమోలు, సెల్ఫ్ మోటార్లు కడుతూ పెరిగిన మనిషి. నేను అడిగినదానికి మాటల్లో జవాబు చెప్పకుండా ఒక పని చేసి చూపించాడు. చాచా చేసిన తాళం ఇగ్నిషన్‌లో పెట్టాడు, అసలు కీని తీసుకుని దాని తల భాగాన్ని ఇగ్నిషన్ చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ రింగుకు ఆనించి పట్టుకున్నాడు, తాళం తిప్పాడు. ఇంజన్ టక్కున స్టార్ట్ అయింది! తర్వాత అసలు కీని పక్కకు తీసేశాడు, ఇంజన్ అలాగే నడుస్తోంది. మళ్లీ ఆపి, ఈసారి అసలు కీనే పెట్టాడు, కానీ దాని తలకు వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ రెండు చుట్లు చుట్టి. సెల్ఫ్ తిరిగింది, ఇంజన్ అందుకోలేదు, ఎర్ర లైటు కొట్టుకుంది. అసలు తాళమే కదా, అయినా కారు దాన్ని గుర్తుపట్టలేదు.

ఈ రెండు ప్రయోగాలు చూస్తే మొత్తం అర్థమవుతుంది. ఇగ్నిషన్ చుట్టూ ఆ రింగు లోపల సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్ట నుంచి 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత తరంగం వస్తుంది. కీ తలలో బియ్యపు గింజకంటే కాస్త పెద్ద గాజు గొట్టమో, చిన్న నల్ల ముక్కో ఉంటుంది, అదే చిప్. దానికి బ్యాటరీ లేదు. ఆ తరంగం నుంచే కరెంటు తీసుకుని తన కోడ్ తిరిగి పంపుతుంది. ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, ఆ కోడ్ తన దగ్గర రాసిపెట్టుకున్న దానితో సరిపోతేనే డీజిల్ వదులుతుంది. సరిపోకపోతే ఇంజక్టర్లకు ఆర్డర్ ఇవ్వదు. తీగలు కలిపినా, స్టీరింగ్ లాక్ విరగ్గొట్టినా సెల్ఫ్ వరకు తిరగొచ్చేమో, ఇంజన్ నడవదు. పాత చిప్‌లు ఎప్పుడూ ఒకే నంబరు చెప్పేవి. తర్వాత వచ్చినవాటిలో కారు ఒక కొత్త సంఖ్య పంపి, దాన్ని రహస్య లెక్కతో మార్చి చెప్పమంటుంది, జవాబు ప్రతిసారీ వేరుగా ఉంటుంది కాబట్టి విని దాచుకున్నా ఉపయోగం ఉండదు.

మామ చెప్పిన ఇంకో విషయం ఇక్కడే రాయాలి. సూర్యాపేటలో ఒకాయనకు ఇంట్లో రెండు కార్లు, రెండింటి చిప్ కీలూ ఒకే రింగుకు వేసుకుని తిరిగేవాడట. ఒక్కోసారి కారు స్టార్ట్ అయ్యేది కాదు, బ్యాటరీ మార్చాడు, ఫిల్టర్ మార్చాడు. అసలు సంగతేంటంటే పక్కనే వేలాడుతున్న రెండో చిప్ కూడా అదే తరంగానికి జవాబు చెప్తుంది, రెండూ కలిసి కారుకు ఏదీ సరిగ్గా వినపడదు. రెండు కీలు విడదీశాక మళ్లీ ఆ సమస్య రాలేదు.

సర్వీస్ సెంటర్‌లో మొదట నాకు చెప్పిన లెక్క వింటే టెన్షన్ వచ్చింది. పేరు రాయను, అవసరం లేదు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు కంప్యూటర్‌లో చూసి, ఒక కీ పోయింది కాబట్టి మొత్తం లాక్ సెట్ మార్చాలి, అంటే ఇగ్నిషన్, నాలుగు తలుపులు, డిక్కీ, డీజిల్ మూత, దాంతోపాటు ఈసీయూ కూడా మార్చాల్సి రావొచ్చు, ముప్పై ఐదు వేల పైనే అవుతుందన్నాడు. నేను కదలలేదు. "అన్నా, పనిచేసే కీ ఒకటి నా చేతిలో ఉంది. కారు స్టార్ట్ అవుతోంది. అలాంటప్పుడు ఈసీయూ ఎందుకు మార్చాలి? కీ ఒక్కటి తెప్పించి ప్రోగ్రామ్ చేయలేరా? వర్క్‌షాప్‌లో పెద్ద టెక్నీషియన్‌ను పిలవండి" అని అడిగాను. లోపలి నుంచి వచ్చిన ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు: అక్కర్లేదు, కీ ఆర్డర్ పెట్టండి, బండి తీసుకురండి, స్కానర్ పెడతాం. కౌంటర్ కుర్రాడు కావాలని అన్నాడో తెలియక అన్నాడో గానీ, అడగనివాళ్లు ఎంతమంది ఆ డబ్బు కట్టి ఉంటారో అని మాత్రం నాకు బాధేసింది. మీలో ఎవరికైనా ఇలా చెప్తే, రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇవ్వమని అడగండి, ఏ భాగం ఎందుకు మారుస్తున్నారో దాని పక్కన రాయమనండి.

వాళ్లు అడిగిన కాగితాలు: ఆర్‌సీ, ఆధార్, కీ పోయిందని నేను రాసిచ్చిన లెటర్. ఆర్‌సీ అప్పటికి నా పేరు మీదికి మారింది కాబట్టి ఇబ్బంది లేదు, మారకముందే వెళ్తే పాత ఓనర్ రావాలంటారు. అలా అడగడం మంచిదే, ఎవరు పడితే వాళ్లు వచ్చి నా కారు నంబరు చెప్పి కీ చేయించుకోకూడదు కదా. తర్వాత కీ నంబరు ఉందా అన్నారు. కొత్త కారుతో తాళాల గుత్తికి చిన్న రేకు బిళ్ల గానీ ప్లాస్టిక్ బిళ్ల గానీ వస్తుంది, దాని మీద ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరుతో కంపెనీలో తాళం పళ్లు ఎలా కోయాలో తెలుస్తుంది. నా దగ్గర లేదు, టీచర్ గారి దగ్గరా లేదు. అయితే ఛాసిస్ నంబరు పంపి కంపెనీ నుంచే తెప్పించారు. అడ్వాన్స్ కట్టించుకున్నారు, కీ రావడానికి ఆలస్యమైంది, ఫోన్లు చేస్తూ ఉన్నాను. ఆ భాగం గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

కీ వచ్చిన రోజు బండితో పాటు ఇంట్లో ఉన్న కీలన్నీ తీసుకురమ్మన్నారు. ఎందుకు అన్నీ అని అడిగితే టెక్నీషియన్ చెప్పిన మాట నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. నా కారులో కొత్త కీ నేర్పించేటప్పుడు ఈసీయూలో పాత కీల జాబితా మొత్తం చెరిపేసి, ఎదురుగా ఉన్న కీలను ఒక్కొక్కటిగా మళ్లీ రాస్తారు. ఆ సమయంలో అక్కడ లేని కీ ఇక ఆ కారుకు పరాయిది. అంటే దేవరకొండ పెళ్లిలో పోయిన ఆ కీ ఎవరి చేతిలో ఉన్నా, ఆ రోజు నుంచి దాంతో ఇంజన్ స్టార్ట్ కాదు! నేను రెండో కీ కోసం వెళ్లాను, దాంతోపాటు పోయిన కీ భయం కూడా పోయింది. అన్ని కార్లలో పద్ధతి ఇదే కాదు, కొన్నింట్లో పాతవి ఉంచి కొత్తది కలుపుతారు. కాబట్టి "పాతవి చెరిపేసి రాయండి" అని మనమే ప్రత్యేకంగా అడగాలి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు రెండు కీలు వచ్చినా సరే ఈ పని చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. మధ్యలో ఎంతమంది చేతులు మారిందో, మూడో కీ ఎవరి దగ్గర ఉందో మనకెలా తెలుస్తుంది?

పని చూస్తుంటే పెద్దగా ఏమీ అనిపించదు. స్టీరింగ్ కింద మోకాలి దగ్గర ఒక సాకెట్ ఉంటుంది, ఓబీడీ అంటారు, దానికి స్కానర్ తగిలించాడు. కంపెనీ నుంచి వచ్చిన సీక్రెట్ కోడ్ కొట్టాడు. మొదటి కీ పెట్టి ఇగ్నిషన్ ఆన్, ఎర్ర లైటు వెలిగి ఆరింది, తీశాడు. రెండో కీ, అలాగే. స్క్రీన్ మీద రిజిస్టర్ అయిన కీలు 2 అని చూపించింది. నేను అది ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను, జాబ్ కార్డు మీద కూడా "పాత కీలు తొలగించి రెండు కీలు నమోదు చేయబడినవి" అని రాయమన్నాను, రాశారు. కంగారు పడకుండా రెండు కీలతోనూ అక్కడే కారు స్టార్ట్ చేసి చూసుకున్నాను. మొత్తం ఖర్చు ఐదు వేల పైచిలుకు అయింది, మొదట చెప్పిన లెక్కతో పోలిస్తే ఎక్కడ? ఒక్క మాట, ఇది పనిచేసే కీ ఒకటి చేతిలో ఉన్నప్పటి ధర. రెండూ పోయాక వెళ్తే బండిని లాక్కెళ్లాలి, కోడ్‌లు తెప్పించాలి, కొన్ని కార్లలో నిజంగానే యూనిట్లు మార్చాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది. ఒక్క కీతో నెట్టుకొస్తున్నవాళ్లు దయచేసి ఆ ఒక్కటి ఉన్నప్పుడే వెళ్లండి.

హైదరాబాద్‌లో బయట స్కానర్ పట్టుకుని ఇంటికొచ్చి కీ చేసిచ్చేవాళ్లు ఉన్నారు, తక్కువ ధరకు అవుతుంది, నేనూ ఒకరిద్దరితో మాట్లాడాను. వాళ్లలో చాలా నైపుణ్యం ఉన్నవాళ్లు ఉన్నారు, అందులో అనుమానం లేదు. అయితే కొందరు చేసేది క్లోనింగ్, అంటే నా చిప్‌లో ఉన్నదాన్ని చదివి ఇంకో చిప్‌లో అదే రాయడం. కారుకు రెండూ ఒకే కీలా కనిపిస్తాయి. పని జరుగుతుంది, కానీ పోయిన కీ చెరిగిపోదు, పైగా నా కారు కోడ్ ఇంకొకరి మెషీన్‌లో ఉండిపోతుంది. బిల్లు కూడా ఉండదు. ఇన్సూరెన్స్ కోసం నాకు బిల్లు కావాలి, అందుకే వద్దనుకున్నాను.

టీచర్ గారు కొన్నాళ్ల తర్వాత ఫోన్ చేశారు, పోయిన కీ పట్టుచీరల సూట్‌కేసు అడుగున దొరికిందని. అందుకోసం ప్రత్యేకంగా మనిషితో పంపించారు, అంత మంచి మనిషి. దాంతో తలుపు తెరిచాను, తెరుచుకుంది. ఇంజన్ తిప్పాను, సెల్ఫ్ తిరిగింది, ఎర్ర లైటు కొట్టుకుంది, స్టార్ట్ కాలేదు. టెక్నీషియన్ చెప్పింది అక్షరాలా నిజమైంది. అదొక కంపెనీ కీ కాబట్టి కావాలంటే మళ్లీ నమోదు చేయించుకోవచ్చు, ప్రస్తుతానికి అవసరం లేదని పక్కన పెట్టాను.

ఇప్పుడు రిమోట్, అలారం గురించి. చాలామంది రిమోట్ వేరు, చిప్ వేరు అని అనుకోరు, ఒకే కీలో ఉంటాయి కాబట్టి ఒకటే అనుకుంటారు. రిమోట్‌కు గుండ్రటి సెల్ ఉంటుంది, నా దాంట్లో సీఆర్ 2032, అది 433 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పంపి తలుపులు లాక్ చేయడం, తీయడం, అలారం పెట్టడం, ఆపడం చేస్తుంది. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, పక్కన ఎవరైనా ఆ సిగ్నల్ రికార్డు చేసి మళ్లీ వదిలినా కారు ఒప్పుకోదు. పిల్లలు ఇంట్లో కూర్చుని బటన్ ఆడుకుంటూ అదేపనిగా నొక్కితే కారు లెక్క, రిమోట్ లెక్క తప్పిపోయి ఒక్కోసారి రిమోట్ పనిచేయడం మానేస్తుంది, దాన్ని మళ్లీ కలపాలి. ఎలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. సెల్ అయిపోతే రిమోట్ మాత్రమే పోతుంది, చిప్‌కు సెల్‌తో పని లేదు కాబట్టి కారు స్టార్ట్ అవుతుంది.

ఈ ముక్క తెలియక మా అక్క చెర్వుగట్టులో చాలా ఇబ్బంది పడింది. అమావాస్య రోజు, జడల రామలింగేశ్వర స్వామి దర్శనానికి జనం ఎలా వస్తారో మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. గట్టు కింద కారు పెట్టి పైకి వెళ్లొచ్చింది. దిగొచ్చి రిమోట్ నొక్కితే పలకలేదు. తాళంతో తలుపు తీసింది, వెంటనే హారన్ అందుకుంది. చుట్టూ వందల మంది, అందరూ ఇటే చూస్తున్నారు, పార్కింగ్ చూసే అతను పరిగెత్తుకొచ్చాడు. నాకు ఫోన్.

"తమ్ముడూ, బండి ఒకటే అరుస్తుంది, ఇక్కడ అందరు నన్ను దొంగను చూసినట్టు చూస్తుండ్రు, ఏం చెయ్యాలె?"

"ఏం కాదక్కా, భయపడకు. లోపల కూర్చుని అదే తాళం పెట్టి ఆన్ చెయ్యి, దానంతట అదే ఆగుతది."

ఆగింది. అసలు చిప్‌ను గుర్తుపట్టగానే అలారం తనంతట తానే ఊరుకుంటుంది. పార్కింగ్ అతనికి ఆర్‌సీ చూపించి వచ్చేసింది. నార్కట్‌పల్లిలో సెల్ వేయించుకుంది. అలారం మోగితే బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకేవాళ్లను చూశాను, అలా చేయకండి, తాళం పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయడమే సరైన పద్ధతి. మీ ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా అప్పుడప్పుడు నడిపేవాళ్లకు, ఇది ఒకసారి చేసి చూపించండి. చెప్తే గుర్తుండదు, హారన్ మోగుతున్నప్పుడు అసలు గుర్తుండదు.

కంపెనీ అలారం తలుపులు, కొన్నింట్లో డిక్కీ, బానెట్ తెరిస్తేనే మోగుతుంది. అద్దం పగలగొట్టి లోపలి బ్యాగు తీసుకుపోతే నా కారు అలారానికి తెలియదు. అందుకని బయట దొరికే షాక్ సెన్సర్ అలారం పెట్టిద్దామా అని ఆలోచించాను. మా పక్కింటి వాళ్లు పెట్టించారు. లారీ వెళ్తే మోగేది, పిల్లి వేడి బానెట్ మీద ఎక్కితే మోగేది, ఉరుము ఉరిమితే మోగేది, దీపావళి రాత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వీధి పెద్దమ్మకు బీపీ, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చునేది. చివరికి మామ వెళ్లి సెన్సర్ మీద చిన్న స్క్రూ తిప్పి తగ్గించాడు, ఇప్పుడు గట్టిగా తడితేనే మోగుతుంది. ప్రతి చిన్నదానికీ మోగే అలారాన్ని వీధిలో ఎవరూ పట్టించుకోరు, నిజంగా దొంగ వచ్చినప్పుడు కూడా కిటికీ తెరిచి చూడరు. అందుకే ఆ స్క్రూ విషయం చిన్నదిగా చూడొద్దు.

నేను మాత్రం పెట్టించలేదు. తీగలు కోసి కలపాలి, ఆ జాయింట్లు రేపు ఎండకు, వానకు ఎలా ఉంటాయో అన్న భయం ఒకటి. రెండోది బ్యాటరీ. కారు లాక్ చేసి ఉన్నప్పుడు కూడా అలారం, రిమోట్ రిసీవర్, మెరిసే ఎర్ర లైటు కొంచెం కొంచెం కరెంటు లాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నెల తిరగకముందే ఖాళీ. అంతకంటే చాలా ముందే సెల్ఫ్ తిరగడం మానేస్తుంది. సరిగ్గా పెట్టని బయటి అలారం దీనికి ఇంకొంత కలుపుతుంది. ఊరెళ్లి వారాల తరబడి కారు వదిలేసేవాళ్లు ఇది చూసుకోవాలి. ఇన్సూరెన్స్‌లో తగ్గింపు వస్తుందని షాపు అతను చెప్పాడు. నిజమే, పుణెలో వాహనాలను, వాటి పరికరాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదించిన పరికరం అయితే సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గుతుంది. అతని దగ్గర ఉన్న డబ్బా మీద ఆ ఆమోదం లేనే లేదు. అడిగితేనే తెలుస్తుంది.

అలారం పిలుస్తుంది, అంతే. కారును ఆపేది చిప్ కీ. దీనికి పెద్ద రుజువు అమెరికాలో కనిపించింది. అక్కడ 2011 నుంచి 2021 మధ్య అమ్మిన చాలా హ్యుందాయ్, కియా కార్లలో ఇమ్మొబిలైజర్, అంటే చిప్ కోడ్ సరిపోతేనే ఇంజన్‌ను నడవనిచ్చే ఏర్పాటు, పెట్టలేదు. స్టీరింగ్ కింద కవర్ పీకి, లాక్ బయటకు తీసి, యూఎస్‌బీ కేబుల్ తలతో తిప్పితే స్టార్ట్ అవుతున్నాయని 2021, 2022లో వీడియోలు పాకి, కుర్రాళ్లు ఆ కార్లను విపరీతంగా ఎత్తుకుపోయారు. 2023లో కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చి ఇవ్వాల్సి వచ్చింది. యూరప్‌లో అయితే 1998 నుంచే కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. ఈ ఆలోచన ఇంకా పాతది, 1986లోనే షెవర్లే కార్వెట్ తాళంలో చిన్న రెసిస్టర్ ముక్క పెట్టారు. మొత్తం 15 రకాల విలువలు, కారు ఆ విలువ కొలిచి సరిపోతేనే స్టార్ట్ అయ్యేది. 15 అంటే దొంగ ఒక్కొక్కటీ ప్రయత్నించగలడు కదా, అందుకే తర్వాత చిప్‌లు వచ్చాయి.

అయితే చిప్‌కూ హద్దులున్నాయి. బండిని క్రేన్‌తో ఎత్తుకుపోతే ఇమ్మొబిలైజర్ ఏమీ చేయలేదు. కీ కారులోనే వదిలేసి టీ తాగడానికి దిగితే అంతకంటే ఏమీ చేయలేదు, చిట్యాల దగ్గర హైవే హోటళ్ల ముందు ఇంజన్ ఆన్‌లో వదిలి దిగేవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాం.

పుష్ బటన్ కార్లకు ఇంకో ఇబ్బంది ఉంది, మా బావ కారు అలాంటిదే. కీ జేబులో ఉంటే చాలు, తలుపు దగ్గర బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. ఇద్దరు మనుషులు, రెండు పరికరాలతో, ఇంట్లో తలుపు పక్కన వేలాడే కీ సిగ్నల్‌ను బయట కారు దాకా మోసుకొచ్చి కీ పక్కనే ఉన్నట్టు కారును నమ్మించగలరు. విదేశాల్లో ఇలాంటి దొంగతనాలు బాగా జరిగాయి. బావ కీని వీధి తలుపు పక్క మేకుకే తగిలించేవాడు. ఇప్పుడు లోపలి గదిలో మూత ఉన్న డబ్బాలో పెడుతున్నాడు. ఏ డబ్బా పనిచేస్తుందో మేం ఇలా చూశాం: కీని డబ్బాలో పెట్టి మూత వేసి, ఆ డబ్బాను చేత్తో పట్టుకుని కారు తలుపు దగ్గర నిలబడి బటన్ నొక్కాం. ప్లాస్టిక్ డబ్బాతో తెరుచుకుంది. వదులు మూత ఉన్న రేకు డబ్బాతోనూ తెరుచుకుంది. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాతో తెరుచుకోలేదు, అదే ఉంచాం. మీ దగ్గర ఉన్న డబ్బాతో మీరూ ఒకసారి ఇలాగే చూసుకోండి, సెల్ కొత్తది వేసిన రోజు మళ్లీ ఒకసారి చూడండి.